టెక్సస్‌లో గువ్వల వేట: లైసెన్సు కొన్న తరువాత తెలుసుకోవలసిన సంగతులు

డాలస్‌లో హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నానని, సెప్టెంబరులో గువ్వల వేటకు ఆఫీసు మిత్రులు రమ్మంటున్నారని, ఆన్‌లైన్‌లో లైసెన్సు కొనుక్కుంటే సరిపోతుందా అని మీరు అడిగారు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే ఊళ్ళో, ఇదే వీసా మీద, ఇదే సందేహంతో ఉన్నవాణ్ణి కాబట్టి జవాబు రాస్తున్నాను. లైసెన్సు కొనడం ఇరవై నిమిషాల పని. ఆ తరువాత, మనం కాలు పెట్టే నేలను మనమే పరిశీలించి, అక్కడ తుపాకీ ఎత్తవచ్చునో కూడదో మనమే తేల్చుకోవలసి ఉంటుంది. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

ముందు కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. టెక్సస్‌లో ఆరు నెలలకు మించి వరుసగా నివసించి ఉంటే మీరు స్థానికుల కిందికే వస్తారు. వేట లైసెన్సుకు 25 డాలర్లు, దానికి తోడుగా కొనవలసిన వలస పక్షుల ఎండార్స్‌మెంటుకు మరో 7 డాలర్లు అవుతాయి. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారందరూ వేట శిక్షణ కోర్సు పూర్తి చేయాలి. పదిహేడేళ్ళు నిండినవారు దాన్ని ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. లైసెన్సు కొనేటప్పుడు, పోయిన ఏడాది ఎన్ని గువ్వలను, ఎన్ని బాతులను కొట్టారని మిమ్మల్ని అడుగుతారు. ఆ ప్రశ్నలకు మీరు జవాబిచ్చినట్టు లైసెన్సు మీద నమోదవుతుంది. దానినే హిప్ సర్టిఫికేషన్ అంటారు. అది లేనిదే వలస పక్షుల వేటకు అనుమతి లేదు. చాలామంది ఆ ప్రశ్నలకు చదవకుండానే సున్నాలు కొట్టి ముందుకు పోతారు. అది నాకు ఏమాత్రం నచ్చని అలవాటు. ఎందుకో కింద చెబుతాను.

వీసా విషయానికి వస్తే, హెచ్-1బి లాంటి వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఆ నిషేధానికి ఉన్న మినహాయింపులలో చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఒకటి. అందువల్ల అమెరికన్ మిత్రునికి ఆ కాగితం వేటకు మాత్రమే అవసరమైతే, మీకు ఆ తుపాకీని చేతితో పట్టుకోవడానికి కూడా అదే ఆధారం. టెక్సస్ వార్షిక లైసెన్సు ఏ తేదీన కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. ఉత్తర, మధ్య టెక్సస్‌లో సీజను మరునాడే మొదలవుతుంది. పాత లైసెన్సు జేబులో పెట్టుకుని సెప్టెంబరు ఒకటి తెల్లవారుజామున బయలుదేరినవారు, పొలం చేరకముందే, కారులో ఉండగానే చట్టాన్ని దాటినవారవుతారు. కొత్త లైసెన్సులు ఆగస్టు 15 నుంచి అమ్ముతారు గనుక ఆ వారంలోనే కొనేయండి, ఒకసారి మీ ఇమిగ్రేషన్ న్యాయవాదిని కూడా అడగండి.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. వేటకు ఏనాడూ వెళ్ళనివారు, వెళ్ళే ఉద్దేశం కూడా లేనివారు, తుపాకీ కొనుక్కునేందుకు దారిగా మాత్రమే వేట లైసెన్సు కొంటున్నారు, దాన్ని ఒక చిట్కాగా వాట్సాప్‌లో మనవాళ్ళు ఒకరికొకరు పంపుకుంటున్నారు. చట్టం ఒప్పుకుంటుంది గనుక తప్పు పట్టలేను గాని, పక్షుల కోసం పుట్టిన కాగితాన్ని అలా వాడుకోవడం చూస్తే నాకు మనసొప్పదు.

ఇప్పుడు నా తొలి సీజను సంగతి. ఆ ఏడు మేము ఐదుగురం. మమ్మల్ని తీసుకువెళ్ళినది మా ఆఫీసులోనే పనిచేసే అరవై దాటిన పెద్దాయన. టెక్సస్ పల్లెటూరిలో పుట్టి, పన్నెండో ఏటి నుంచి వేటాడుతున్న మనిషి. అబిలీన్‌కు ఉత్తరాన ఒక పొలం యజమాని తలకు నూట ఇరవై డాలర్లు తీసుకుని ఒక రోజు వేటకు అనుమతి ఇచ్చాడు. రాత్రి రెండున్నరకు డాలస్‌లో బయలుదేరి చీకటి ఉండగానే అక్కడికి చేరాము. సగం కోసి నేల మీద పడవేసిన పొద్దుతిరుగుడు చేను, దాని అవతల పశువుల నీటికుంట, కుంట గట్టున మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ చెట్లు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు. మేము బకెట్లు బోర్లించుకుని చెట్ల కింద కూర్చున్నాము. గువ్వలు అప్పటికే వస్తున్నాయి. ఆ గువ్వ లేచేటప్పుడు రెక్కలు సన్నగా ఈల వేస్తాయి; చీకట్లో ఆ ఈల తల మీదుగా పోతుంటే నా చేతులు వణికాయి.

పెద్దాయన మాత్రం కూర్చోలేదు. నుదుటి దీపం వెలిగించుకుని బండి దారి వెంట వంగి నడుస్తూ వెళ్ళాడు. కుంట దాకా వెళ్ళి, చుట్టూ తిరిగి, తిరిగి వచ్చి అరచెయ్యి చాపాడు. గుప్పెడు గోధుమ గింజలు. దున్నని గట్టినేల మీద, గడ్డి మధ్యన, కుంట చుట్టూ అవే గింజలు ఉన్నాయని చెప్పి, వెంటనే తూటాలు తీసేసి తుపాకులు పెట్టెలలో పెట్టమన్నాడు. యజమానికి ఫోను చేస్తే, శీతకాలపు గోధుమ విత్తుతున్నామనీ, విత్తే యంత్రం నుంచి కొన్ని గింజలు జారి ఉంటాయనీ అన్నాడు. "జారిన గింజలు బండి నడిచిన వరుసలో పడతాయి, కుంట చుట్టూ గుండ్రంగా పడవు" అని పెద్దాయన ఫోను పెట్టేశాడు.

మాలో ఒకడు వాదించాడు. గింజలు మేము చల్లలేదు, డబ్బు కట్టాము, లైసెన్సులు ఉన్నాయి, మూడు గంటలు కారు నడిపి వచ్చాము, మా తప్పేమిటి అన్నాడు. పెద్దాయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ మాట మాటగా గుర్తుంది. "ఎవరు చల్లారన్నది యజమానిని అడుగుతారు. నువ్వు చూశావా, చూడవలసిన చోట చూడకుండా కూర్చున్నావా అన్నది నిన్ను అడుగుతారు." సూర్యుడు పైకి రాకముందే మేము గేటు దాటాము. వెనుక ఆకాశమంతా గువ్వలే. మా డబ్బు తిరిగి రాలేదు.

ఆయన చెప్పినది ఫెడరల్ వలస పక్షుల చట్టంలో ఉన్నదే. గువ్వల మేత కోసం గింజలు చల్లిన చోట వేటాడకూడదు; ఆ గింజలన్నీ పూర్తిగా తీసివేసినా, ఆ తరువాత మరో పది రోజుల వరకు అది మేత చల్లిన నేల కిందే లెక్క. నిలిచిన పంటను కోసి పడవేసిన చేనులో గువ్వలను కొట్టవచ్చు గాని, బయటి నుంచి తెచ్చి పోసిన గింజల మీద కొట్టకూడదు. మామూలు వ్యవసాయ పద్ధతిలో దున్ని విత్తిన చేను అయితే దోషం లేదు. బాతులకైతే కోసి పడవేసిన పంట కూడా పనికిరాదు. ఆ చట్టానికి 1998లో వచ్చిన సవరణకు ముందు, దేశంలో చాలాచోట్ల, తెలియకుండా వేటాడినా శిక్ష తప్పేది కాదు. ఆ సవరణ తరువాత, మేత ఉందని తెలిసి ఉండాలి, లేదా తెలుసుకోగల స్థితిలో ఉండాలి. ఆ రెండో మాటలోనే వేటగాని బాధ్యతంతా ఉంది. జరిమానా 15,000 డాలర్ల వరకు, జైలు ఆరు నెలల వరకు ఉండవచ్చు. వీసా మీద ఉన్నవానికి ఆ నేరం రికార్డులోకి ఎక్కడమే జరిమానా కన్నా పెద్ద దెబ్బ.

ఇంత కఠినం ఎందుకని అడిగేవారికి నేను ఒక తేదీ గుర్తు చేస్తాను. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు కోట్ల సంఖ్యలో ఎగిరిన ప్యాసింజర్ పావురాల జాతిలో చివరిదైన మార్తా, సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో 1914 సెప్టెంబరు 1న చనిపోయింది. ఉత్తర, మధ్య టెక్సస్‌లో గువ్వల సీజను మొదలయ్యేది కూడా సెప్టెంబరు 1నే. ఆ పావురాలను మేత చల్లి, వలలు పన్ని, బండ్ల కొద్దీ చంపి రైళ్ళలో పట్టణాలకు పంపి అమ్ముకున్నారు. అవి పోయిన రెండేళ్ళకు, 1916లో, కెనడా తరఫున బ్రిటన్‌తో వలస పక్షుల ఒప్పందం కుదిరింది; 1918లో చట్టం వచ్చింది. రోజుకు పదిహేను గువ్వలు, తుపాకీలో మూడుకు మించని తూటాలు, సూర్యాస్తమయంతో వేట ఆపడం, ఇవన్నీ ఆ చట్టం కింద వచ్చినవే. నా దృష్టిలో మేత నిషేధం వీటన్నింటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే మేత చల్లిన చోట మిగిలిన నియమాలన్నీ పేరుకే మిగులుతాయి.

ఆ మధ్యాహ్నం మేము 48 డాలర్ల ప్రభుత్వ వేట పర్మిట్టు కింద తెరిచి ఉంచిన ఒక పొలానికి వెళ్ళాము. రెండు పెట్టెల తూటాలు ఖర్చు చేసి నేను కొట్టినవి నాలుగే. వాటిని తీసుకువెళ్ళి మిత్రుని ఐసు పెట్టెలో వేయబోతుంటే పెద్దాయన ఆపి, ఎవరి పక్షులు వారి దగ్గరే ఉండాలన్నాడు. మరొకరి దగ్గర వదిలిపెట్టాలంటే సంతకం, చిరునామా, పక్షుల సంఖ్య, జాతి, కొట్టిన తేదీ రాసిన చీటీ కట్టాలి. గంట గడవకముందే వేట నియమాలు అమలు చేసే అధికారి, గేమ్ వార్డెన్, వచ్చాడు. మర్యాదగా పలకరించి, లైసెన్సు చూసి, కాల్చడానికి సిద్ధంగా ఉండే ఒకటి కాక మ్యాగజీనులో రెండు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్ ఉందో లేదో తానే తూటాలు పెట్టి చూసి, ఎవరి కుప్ప వారిదిగా లెక్కపెట్టి, ఒక్కొక్క పక్షి రెక్క విప్పి జాతి చూశాడు. 'ఇన్కా డవ్' (Inca dove) అనే చిన్న గువ్వను కొట్టకూడదు. అది ఎగిరేటప్పుడు రెక్కల కింద ఎర్రటి ఛాయ కనిపిస్తుంది; దాన్ని పోల్చుకోవడం రానివారు సీజనుకు ముందు రెండు ఆదివారాలు పార్కులో కూర్చుని నేర్చుకోవాలి. మెడ వెనుక నల్లగీత ఉండే యురేషియన్ గువ్వకు మాత్రం టెక్సస్‌లో సీజనూ లేదు, పరిమితీ లేదు. మన పల్లెల్లో కరెంటు తీగల మీద కూర్చునే గువ్వే అది. లైసెన్సు ఉంటే ఇక్కడ ఏడాది పొడుగునా కొట్టవచ్చు. అదే పక్షిని మన దేశంలో కొడితే శిక్ష మూడేళ్ళ జైలు వరకు, జరిమానా లక్ష రూపాయల వరకు ఉండవచ్చు.

మాది కొల్లేటి లంక గ్రామం. ఎనభైల చివర శీతకాలంలో పరజలనే నీటిపక్షులు దిగగానే మా మేనమామ వలలు సవరించేవాడు. కాళ్ళు కట్టిన పరజల గుత్తులను సైకిలు హ్యాండిలుకు వేలాడదీసి కైకలూరు వైపు వెళ్ళేవారిని నా కళ్ళతో చూశాను. 1972 వన్యప్రాణి చట్టం అప్పటికే ఉంది. ఆ చట్టంలో చిన్న వేటకు లైసెన్సు కూడా ఉండేది. 1991 సవరణతో లైసెన్సులన్నీ తొలగించి వేటను పూర్తిగా నిషేధించారు. లైసెన్సు ఉన్న రోజుల్లోనూ, నిషేధం వచ్చాకా, మా మామయ్యను ఎన్ని కొట్టావని అడిగిన మనిషి లేడు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. ప్రతి జనవరిలోనూ ఔత్సాహికులు అక్కడి బతికి ఉన్న పక్షులను లెక్కిస్తున్నారు. చచ్చిన పక్షుల లెక్క ఎక్కడ ఉంది? మన దగ్గర వేట మళ్ళీ తెరవమని నేను అనడం లేదు. ఈనాడు ఉన్న స్థితిలో తెరవనే కూడదు. కాని నిషేధించాము గనుక లెక్క అక్కరలేదని అనుకోవడమే మనం చేసిన అసలు తప్పు అని గట్టిగా నమ్ముతాను. టెక్సస్‌లో లైసెన్సు కొనేటప్పుడు నన్ను అడిగే ఆ చిన్న ప్రశ్న మా మామయ్యను ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, ఆయన ఆ శీతకాలమే వల సగానికి తగ్గించేవాడు. ఆయన స్వభావం నాకు తెలుసు. అందుకే ఆ ప్రశ్నకు చదవకుండా సున్నా కొట్టకండి. పోయిన ఏడు వేటకు వెళ్ళి ఉంటే గుర్తు తెచ్చుకుని నిజం చెప్పండి. వేటగాళ్ళ సర్వేలకు ఎవరిని ఎంచుకోవాలో ఆ జవాబులను బట్టే నిర్ణయిస్తారు, ఆ సర్వేల అంచనాలు మరుసటి సీజను పరిమితులకు పనికివస్తాయి.

డబ్బు సంగతి కూడా ఇందులో భాగమే. మీరు కొనే తూటాల పెట్టె మీద తయారీదారు కట్టే 11 శాతం ఫెడరల్ పన్ను 1937 చట్టం కింద రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళుతుంది. మున్ముందు బాతుల వేటకు కూడా వెళ్ళదలిస్తే 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు వేరుగా కొనాలి. 1934లో అది ఒక డాలరు ఉండేది. అందులో డాలరుకు 98 సెంట్లు చిత్తడి నేలల కొనుగోలుకు, రక్షణకు పోతాయి. కాగితపు స్టాంపు అయితే దాని మీద అడ్డంగా సిరాతో సంతకం పెట్టాలి, లేకపోతే చెల్లదు. సీసపు గుళ్ళు బాతులకు 1991 నుంచి దేశమంతటా నిషిద్ధం. గువ్వల తూటాలతో బాతులకు వెళ్ళకండి.

మీరు వెళ్ళబోయే పొలం విషయంలో, యజమానిని ముందుగానే ఫోనులో రెండు ప్రశ్నలు అడగండి: ఈ నెల రోజుల్లో ఏమి విత్తారు, ఎక్కడ విత్తారు. తడబడితే డబ్బు కట్టకండి. వీలైతే ముందురోజు సాయంత్రమే వెళ్ళి, కుంట గట్టు, బండి దారి, గేటు పక్క ఖాళీ నేల పగటి వెలుతురులో నడిచి చూడండి. దున్నని చోట గింజ కనిపిస్తే మీ మిత్రులకు చెప్పి వెనక్కు రండి, వాళ్ళు రాకపోయినా మీరు రండి. ఆ పొలం ఏ కౌంటీలో ఉందో రాస్తే, గువ్వల వేట కోసం టెక్సస్‌ను విభజించిన ఉత్తర, మధ్య, దక్షిణ జోన్లలో అది దేని కిందికి వస్తుందో చూసి చెబుతాను. దక్షిణ జోన్‌లో మామూలు సీజను సెప్టెంబరు మధ్యలో గాని మొదలు కాదు.