తాతగారి పెట్టెలో పాత చర్చి కార్డులు: అచ్చు వేయొచ్చా, విదేశానికి పంపొచ్చా?

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో మెదక్ చర్చి, పులికాట్ డచ్చి సమాధుల పోస్టుకార్డులు దొరికాయి. కొన్నిటి వెనక ఉత్తరాలున్నాయి. పుస్తకంగా వేద్దామనుకుంటున్నాను. లండన్‌లో ఒకాయన కార్డులు కొంటానంటున్నారు. ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: కార్డు మీ చేతిలో ఉన్నంత మాత్రాన ఫొటో మీద కాపీరైటు మీది కాదు. అయినా పాత ఫొటోల విషయంలో చట్టం మీకు అనుకూలమే. 1957 చట్టం ప్రకారం ఫొటో ప్రచురించిన ఏడాది ముగిశాక మొదట 50 ఏళ్లు, తర్వాత సవరణతో 60 ఏళ్లు రక్షణ ఉండేది. 2012 సవరణ దాన్ని ఫొటోగ్రాఫర్ మరణానంతరం 60 ఏళ్లకు పొడిగించింది. కానీ అప్పటికే గడువు తీరినవాటికి హక్కు తిరిగి రాలేదు. కాబట్టి 1951 ముగిసేలోపు అచ్చై అమ్ముడైన కార్డు బొమ్మను మన దేశంలో వాడుకోవచ్చు. స్టూడియోలో సొంతానికి కడిగించుకున్న ఫొటోకు ఈ లెక్క పనికిరాదు, అది ప్రచురణ కాదు.

తేదీ ఎలా తేల్చాలి? మెదక్ చర్చి ప్రతిష్ఠ 1924లో జరిగింది. పూర్తయిన కట్టడం కనిపిస్తే కార్డు దాదాపు ఆనాటిదో, ఆ తర్వాతిదో అని తెలుస్తుందే గానీ 1951కి ముందుదని రుజువు కాదు. రుజువు తపాలా ముద్రే. అందుకే స్టాంపులు దయచేసి ఊడదీయకండి, రెండు వైపులా స్కాన్ చేసి ఉంచండి. కట్టడాన్ని ఫొటోగా ప్రచురించడానికి సెక్షన్ 52 మినహాయింపు ఉంది, కాపీరైటు కోసం చర్చి అనుమతి అక్కర్లేదు.

అసలు చిక్కు వెనకవైపే. ఉత్తరం మీద హక్కు రాసినవారిది, వారి తర్వాత వారసులది. రాసినవారు బతికుండగా అచ్చు కాని ఉత్తరానికి 60 ఏళ్ల లెక్క మరణం నుంచి కాదు, మొదటిసారి ప్రచురించిన ఏడాది ముగిశాకే మొదలవుతుంది. కార్డు అందుకున్న మీ తాతగారికి ఆ హక్కు రాలేదు. రాసినవారెవరో తేలి, వారి లేదా వారసుల అనుమతి దొరికేదాకా ముందువైపు మాత్రమే వేయండి.

లండన్‌కు పంపడం వేరే సంగతి. 1972 పురావస్తువుల చట్టం కింద 100 ఏళ్లు దాటిన చారిత్రక వస్తువు, 75 ఏళ్లు దాటిన చారిత్రక విలువ గల పత్రం పురావస్తువు కావచ్చు. ప్రైవేటు వ్యక్తులు వాటిని ఎగుమతి చేయకూడదు. చేస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, జరిమానా. పోస్టులో వేసేముందు భారత పురావస్తు శాఖకు కార్డులు చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. దేశంలో ఒకటి రెండు అమ్ముకుంటే ఫరవాలేదు, వ్యాపారంగా చేస్తే లైసెన్సు కావాలి.

ఆయనకు బొమ్మ చాలనుకుంటే స్కాన్ మెయిల్ చేయండి, ఎగుమతి చిక్కు ఉండదు. అయితే బ్రిటన్‌లో దాన్ని అచ్చు వేస్తే అక్కడి లెక్క సాధారణంగా ఫొటోగ్రాఫర్ మరణానంతరం 70 ఏళ్లని ముందే చెప్పండి.