ఎంటీటీ పరీక్షలో ఉసిరి సారం డోసు పెంచితే రీడింగ్ పెరుగుతోందా? సమాధానం

ఎంటీటీ అనే పసుపు రంగును బతికున్న కణాలు ఊదాగా మారుస్తాయి; ఆ ఊదా ఎంత ఉందో కొలిచి ఎన్ని కణాలు బతికున్నాయో ఈ పరీక్షలో అంచనా వేస్తారు. మీ ప్లేట్లలో ఆ ఊదారంగు కణాల నుంచి కాదు, మీ ఉసిరి సారం నుంచే వస్తూ ఉండాలి. డోసు పెంచేకొద్దీ హెలా కణాల (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) వయబిలిటీ, అంటే బతికున్నవాటి శాతం, 130 దాకా వెళ్లిందన్నారు. ఉసిరిలో టానిన్లు, గాలిక్ ఆమ్లం ఎక్కువ. కణాలతో పని లేకుండానే అవి పసుపు ఎంటీటీని ఫార్మజాన్ అనే ఊదా పదార్థంగా మార్చేస్తాయి. మైక్రోస్కోపులో కణాలు ముడుచుకుని ఊడిపోతున్నాయని మీరే రాశారు. ఇక్కడ నేనైతే రంగును కొలిచే రీడర్ కన్నా కంటినే నమ్ముతాను.

చాలామంది వదిలేసేది ఒక్కటే: సారం ఉండి కణాలు లేని వెల్స్ (ప్లేట్‌లోని చిన్న గుంటలు).

1. ప్రతి డోసుకూ మూడు వెల్స్‌లో కణాలు వేయకండి. మీడియం (కణాలు పెంచే ద్రవం), సారం, ఎంటీటీ మాత్రమే వేసి మిగతావాటితో పాటే ఇంక్యుబేట్ చేయండి. మామూలు బ్లాంక్ (మీడియం, ఎంటీటీ మాత్రమే ఉన్న వెల్) దీనికి సరిపోదు, అందులో సారం ఉండదు కాబట్టి. ఇక్కడ ఊదా వచ్చిందంటే కారణం తేలినట్టే.

2. అప్పుడు మళ్లీ చేసేటప్పుడు, ఎంటీటీ వేసేముందు సారం ఉన్న మీడియం తీసేయండి. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు మెల్లగా, వెల్ గోడ మీదుగా పోసి కడగండి. తర్వాత కొత్త మీడియంలో ఎంటీటీ ఇవ్వండి.

3. సారాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ ద్రావకం, సారం వేయని కంట్రోల్ వెల్స్‌తో సహా అన్నిట్లో సమానంగా, 0.5 శాతం దాటకుండా ఉండాలి.

కడిగినా రీడింగ్‌కూ మైక్రోస్కోపులో కనిపించేదానికీ తేడా పోకపోతే ఎస్‌ఆర్‌బీ (సల్ఫోరోడమైన్ బీ) పరీక్షకు మారండి. అది కణాల ప్రోటీన్‌కు అంటే రంగు, టానిన్ల క్షయకరణ గుణం (ఎంటీటీని ఊదాగా మార్చినది ఇదే) దాన్ని ఇలా తప్పుదారి పట్టించదు.

పాత ప్లేట్ల అంకెలు మాత్రం థీసిస్‌లో పెట్టకండి.