కోర్టులో ఒప్పేసుకుంటే బ్యాంకు ఊరుకుంటుందా?

ప్రశ్న: ఖమ్మంలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ నడుపుతున్నాను. ఇల్లు తనఖా పెట్టి బ్యాంకులో 18 లక్షల ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, లిమిట్ దాకా అవసరమైనంత వాడుకునే అప్పు) తీసుకున్నాను, 17 లక్షలు వాడేశాను. స్కూళ్ల నుంచి రావాల్సిన డబ్బు ఆగిపోతే, తెలిసిన ఫైనాన్స్ వ్యాపారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చాను. ప్రోనోటు, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చాను. పది నెలలు వడ్డీ కట్టాను, అసలులో ఒక లక్ష కూడా ఇచ్చాను, అంతా ఫోన్‌పేలోనే. తర్వాత కట్టలేకపోయాను. ఆయన చెక్కు మీద 6 లక్షలు రాసి బ్యాంకులో వేశాడు, బౌన్సయింది. ఇప్పుడు సమన్లు వచ్చాయి. ‘మొదటి వాయిదాలోనే ఒప్పేసుకో, జరిమానా కడితే పోతుంది’ అంటున్నారు. క్రెడిట్ కార్డు మీద కొంత, ఇంకొకరి దగ్గర వడ్డీకి కొంత తెచ్చి కట్టేద్దామనుకుంటున్నాను. రెండు నెలల్లో ఓడీ రెన్యువల్ ఉంది. లోను అగ్రిమెంటులో ‘మెటీరియల్ అడ్వర్స్ ఎఫెక్ట్’ అని ఏదో ఉంది. దానికీ ఈ కేసుకీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. మీకు సలహా ఇచ్చినవాళ్లు ఆ అగ్రిమెంటు చదివి ఉండరు. మీరూ సంతకం పెట్టిన రోజున చదివి ఉండరు లెండి, ఎవరూ చదవరు. పేరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి, అందుకే అందరూ చదివేలా జవాబిస్తున్నాను.

ముందు కోర్టు సంగతి. నేను లాయరును కాను, వాయిదాకు వెళ్లేలోగా ఒక లాయరుకు ఫీజు ఇచ్చి కాగితాలన్నీ చూపించండి. మేజిస్ట్రేటు ముందు ‘ఒప్పుకుంటున్నాను’ అన్నారంటే, 6 లక్షలు బాకీ ఉన్నానని మీ నోటితో మీరే చెప్పినట్టు. మీ లెక్క ప్రకారం అసలులో మిగిలింది 3 లక్షలు, ఆపైన కొన్ని నెలల వడ్డీ. ఇక మిగతా డబ్బు మాటేమిటి? రేపు ఆయన సివిల్ దావా వేసినా మీ ఒప్పుకోలునే సాక్ష్యంగా చూపిస్తాడు. ఒప్పుకున్నాక అప్పీలుకు వెళ్లినా శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే వాదించవచ్చు. నేరమే చేయలేదనడానికి దారి మూసుకుపోతుంది. చెక్కు బౌన్సుకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. అంటే 12 లక్షల దాకా! ‘జరిమానా కడితే పోతుంది’ అన్నవారిని ఎంత జరిమానా అని అడిగారా? కోర్టు లేచే వరకు కూర్చోమని పంపించేసినా, అదీ శిక్షే. రికార్డులో దోషి అనే ఉంటుంది.

ఖాళీ చెక్కు ఇచ్చాను కాబట్టి చెల్లదనే ఆశ పెట్టుకోకండి. సంతకం మీదైతే, అంకె వేరేవాళ్లు వేసినా భారం మీ మీదే పడుతుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు పనికొచ్చేది వేరే ఉంది. చెక్కు ఇచ్చాక అప్పులో కొంత తీర్చి ఉంటే, ఆ మొత్తాన్ని చెక్కు మీద రాయించకుండా పూర్తి మొత్తానికి బ్యాంకులో వేస్తే 138 కింద నేరం నిలవదని అదే కోర్టు 2022లో తీర్పిచ్చింది. మీరు అసలుకు కట్టిన లక్ష ఫోన్‌పేలో కనిపిస్తోంది. అది అసలుకా, వడ్డీకా అని ఆయన తరఫు లాయరు తప్పకుండా అడుగుతాడు, ఆ రోజు నడిచిన వాట్సాప్ మెసేజీలు కూడా వెతికి పెట్టుకోండి. ఇంత ఆధారం చేతిలో ఉండగా ఒప్పేసుకోమన్న మనిషికి మీ మీద ఎంత ప్రేమో!

ఇక బ్యాంకు. చాలా ఓడీ అగ్రిమెంట్లలో ‘మెటీరియల్ అడ్వర్స్ ఎఫెక్ట్’ షరతు సారాంశం ఇదే: మీ వ్యాపారం మీదో, బాకీ తీర్చే మీ శక్తి మీదో గట్టి దెబ్బ పడే పరిణామం ఏది జరిగినా, జరగబోతోందని బ్యాంకు అనుకున్నా, మొత్తం లోను ఒకేసారి కట్టమని అడగవచ్చు. ‘బ్యాంకు అనుకున్నా’ అన్నచోట గీత గీసుకోండి. దాని పక్కనే మరో రెండు షరతులుంటాయి. మీ మీద కేసు పడితే రాతపూర్వకంగా తెలియజేయాలనేది ఒకటి, వేరేచోట అప్పు ఎగ్గొడితే ఇక్కడా ఎగ్గొట్టినట్టే లెక్కిస్తామనేది రెండోది. డబ్బు ఎగ్గొట్టిన కేసులో నేరం ఒప్పుకున్న కాగితం ఈ మూడింటికీ ఒకేసారి తగులుతుంది. అడిగేముందు బ్యాంకు నోటీసు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. కానీ నోటీసు వస్తే మీ దగ్గర 17 లక్షలు ఉన్నాయా? కట్టలేక 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బకాయి) అవుతుంది, ఆ తర్వాత ఇంటి మీదకు వచ్చే సర్ఫేసీ (తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) నోటీసుకు గడువు 60 రోజులు.

అలాగని రెన్యువల్ ఫారంలో ‘కేసులు లేవు’ అని సంతకం పెట్టేయకండి. కేసుకంటే ఆ అబద్ధమే ప్రమాదం.

ఇప్పుడు అసలు తప్పుకు వస్తాను. అది ఖాళీ చెక్కు ఇవ్వడం కంటే ముందే జరిగింది. ఓడీలో లిమిట్ ఉంది కదా, అవసరమైతే అదే వాడుకుంటాను అని ఇన్నేళ్లూ అనుకున్నారు. నా దగ్గరికి వచ్చే చిన్న వ్యాపారుల్లో చాలామంది లెక్క ఇదే. ఓడీ లిమిట్ బ్యాంకు సొమ్ము. మీకు కష్టం వచ్చిందని తెలిసిన రోజునే బ్యాంకు తలుపు వేసుకుంటుంది, ఆ షరతు ఉన్నది అందుకే. వానొస్తే లాగేసుకునే గొడుగును నమ్ముకుని బయల్దేరారు.

మీరు పంపిన లెక్క చూడండి. జీతాలు 62,000, అద్దె 18,000, ఓడీ వడ్డీ 16,000, ఇంటి ఖర్చు 35,000. నెలకు 1.31 లక్షలు. మూడు నెలలకు 3.93 లక్షలు. మీరు మూడు రూపాయల వడ్డీకి పరిగెత్తింది 4 లక్షలకే కదా! మూడు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి ఒక్కటి ఉంటే ఈ సమన్లు వచ్చేవి కావు. దీని గురించి ఎన్నిసార్లు రాసినా ‘వ్యాపారంలో తిప్పితే ఎక్కువ వస్తుంది కదండీ’ అంటారు. వస్తుంది, వచ్చింది, ఇదిగో.

ఈ కేసు తేలాక ఆ నిధికి నెలకు 15,000 చొప్పున మొదలుపెట్టండి, రెండేళ్ల రెండు నెలలు పడుతుంది. స్కూళ్ల డబ్బు ఒకేసారి వచ్చినప్పుడు అందులో పదోవంతు అక్కడే వేస్తే ఇంకా ముందే అవుతుంది. ఆ డబ్బును ఓడీ ఉన్న బ్యాంకులో మాత్రం పెట్టకండి. బాకీ కింద ఆ డిపాజిట్‌ను జమ చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. వేరే బ్యాంకులో, మీ ఆవిడ పేరు కూడా కలిపి, చిన్నచిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా పెట్టండి. కాగితం రేటు తగ్గిందని దాన్ని ముట్టుకోకూడదు.

రాజీ కుదిరితే అన్నిటికంటే మంచిది. ఈ కేసులో రాజీకి చట్టం ఒప్పుకుంటుంది, రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే. బ్యాంకుకు చూపించుకోగలిగిన కాగితం అదే. మీ తరఫు సాక్ష్యం మొదలవకముందే చెక్కు మొత్తం కట్టేస్తే అదనపు ఖర్చులు లేకుండా రాజీకి అనుమతించవచ్చని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ బాకీ అంత లేదు కాబట్టి, ఫోన్‌పే లెక్క ముందు పెట్టి, లాయరు ద్వారా తక్కువకు మాట్లాడండి. లోక్ అదాలత్‌లో వాయిదాల మీద ఒప్పుకునేట్టయితే కట్టగలిగినంతే ఒప్పుకోండి. అక్కడి అవార్డు (తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, తప్పితే జప్తుకు వస్తారు.

రాజీకి కావాల్సిన డబ్బుకు ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోను, ఎల్‌ఐసీ పాలసీ ఉంటే దాని మీద లోను. క్రెడిట్ కార్డు నగదుకు నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది. ఇంకొకరి దగ్గర వడ్డీకి తెస్తానన్న మాట చదివి ఉత్తరం పక్కన పెట్టేద్దామనిపించింది. ఒక ఖాళీ చెక్కు నేర్పింది చాలలేదా?

స్కూళ్ల బాకీకి ‘ఉద్యమ్’ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటిన బిల్లుల మీద ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం కింద ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ వాళ్లే కట్టాలి. నోటీసు వెళ్తే చాలా యాజమాన్యాలు చెక్కు పంపిస్తాయి. టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) ఉందో లేదో రాయలేదు. లేకపోతే వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోండి, అప్పులవాళ్లు ఆ డబ్బు ముట్టుకోలేరు.

రాజీ పత్రంలో 6 లక్షల చెక్కు నంబరుతో పాటు ప్రోనోటు తేదీ కూడా రాయించండి. రెండూ చేతికి వచ్చాకే ఆఖరి మొత్తం, అదీ బ్యాంకు ద్వారానే కట్టండి. చెక్కు వెనక్కి తీసుకుని ప్రోనోటు మరిచిపోయినవాళ్లు ఆరు నెలల తర్వాత ఇంకో సమన్లతో వచ్చారు.