ఒంటికి తెలిసేలోపే

చిన్నా,

సంక్రాంతికి వచ్చినప్పుడు నీ మెడ వెనక నల్లటి చార చూశాను. మీ అమ్మ సున్నిపిండితో రుద్దుకోమంటోంది. అది మట్టి కాదురా, రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ మోతాదుకు మించి ఉంటే మెడ మీద, చంకల్లో చర్మం అలా మందంగా నల్లబడుతుంది. నల్లబడ్డ ప్రతి మెడకీ అదే కారణం కాకపోవచ్చు. కానీ నీ ప్యాంటు నడుము చూస్తే నాకు అనుమానమే. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలుచుకో. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్ట పెరిగినట్టే లెక్క.

నాకు షుగర్ 2004లో బయటపడింది, 44 ఏళ్లప్పుడు. అప్పటికి ఎన్నాళ్ల నుంచి ఉందో దేవుడికెరుక. రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకు లేచేవాణ్ని. మజ్జిగ ఎక్కువ తాగుతున్నాను కదా అనుకున్నాను. నా లెక్క తిరగబడిందని డాక్టరు చెబితే తెలిసింది. రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేవు. బయటికి పోయే చక్కెర నీళ్లనీ లాక్కుపోతుంది, అందుకే ఆ దాహం. మా నాయనమ్మ ఒంటేలు పోసినచోట చీమలు పడుతున్నాయా అని చూసేది. ఆవిడ పరీక్ష తప్పేం కాదు, కాకపోతే బాగా ఆలస్యం.

ఆరు కేజీలు తగ్గితే ‘సన్నబడ్డావే’ అన్నారు, మురిసిపోయాను. చూపు మసకేస్తే కళ్లజోడు మార్చాను. షుగర్ అదుపులోకి వచ్చాక ఆ అద్దాలే పనికిరాలేదు! చివరికి చెప్పు కరిచిన పుండు నెలైనా మానకపోతే ఆస్పత్రికి వెళ్లాను. పరగడుపున 262.

పరగడుపున 126 వచ్చినా జబ్బు కిందే లెక్క. ఒంటేలులో చక్కెర కనిపించేది 180 దాటాక. ఈ రెంటి మధ్యా మనిషి ఏళ్ల తరబడి హాయిగా తిరిగేస్తాడు, లోపల కళ్లూ నరాలూ దెబ్బతింటూనే ఉంటాయి.

టీలో చక్కెర మానేశావట, మంచిదే. కానీ మీ తాతకు, నాకు, మీ నాన్నకు ఉన్న జబ్బు ఇది. దానికి తోడు నీకు నైట్ షిఫ్టులు, కదలని కుర్చీ, రెండు పూటలా పళ్లెం నిండా తెల్లన్నం. కాలేయంలో, పొట్టలో కొవ్వు చేరితే ఒళ్లు ఇన్సులిన్ మాట వినదు. క్లోమం ఇంకా ఇంకా తయారుచేసి అలిసిపోతుంది. అన్నం మానెయ్యమనను, నేనే మానలేదు. కూర, పప్పు ఎక్కువ వేసుకుని అన్నం తగ్గించు. తిన్నాక కాసేపు నడువు.

ఒక్కమాట. చిన్నపిల్లలకు వచ్చే షుగర్ వేరు, అది మిఠాయిలు పెట్టడం వల్ల రాదు. పిల్లాడు ఉన్నట్టుండి నీళ్లు తెగ తాగుతూ, పక్క తడుపుతూ చిక్కిపోతుంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నువ్వు చేయాల్సింది చిన్న పని. రాత్రి తిన్నాక ఎనిమిది గంటలు నీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా ల్యాబ్‌కు వెళ్లు. వేలి చుక్కతో సరిపెట్టకు, నరం నుంచి రక్తం ఇవ్వు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా రాయించుకో. పరగడుపున 100 నుంచి 125, లేదా సగటు 5.7 నుంచి 6.4 వస్తే జబ్బు అంచున ఉన్నట్టు. బరువు తగ్గించి, రోజూ నడిస్తే అక్కణ్నుంచి చాలామంది వెనక్కి వస్తారు. పరగడుపున 126 లేదా సగటు 6.5, అంతకు మించి వస్తే డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను.

ఆదివారం వెళ్లి, రిపోర్టు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. మీ అమ్మకు నేను చెప్పనులే.

మీ పెదనాన్న