వాపు లేకపోతే విషం ఎక్కనట్టేనా?

ప్రశ్న: మా ఊళ్లో గత వానాకాలం ఇద్దరిని పాము కరిచింది. పత్తి చేనులో కరిచినాయనకు కాలు మోకాలిదాకా వాచి, చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది. ఇంట్లో నేల మీద పడుకున్న అమ్మాయికి గాటు గానీ వాపు గానీ కనిపించలేదు. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నది, కాసేపటికి రెప్పలు వాలిపోయాయి. ఆసుపత్రిలో ఇద్దరికీ ఒకే మందు ఎక్కించారు. విషం ఇంత వేర్వేరుగా ఎందుకు పనిచేస్తుంది?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ఆయనను పింజర జాతి పాము, అమ్మాయిని కట్లపాము కరిచి ఉంటాయి. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టించే కారకాలను ఒక్కసారిగా ప్రేరేపించడంతో, గడ్డకట్టడానికి అవసరమైన ఫైబ్రినోజన్ కొన్ని గంటల్లోనే ఖర్చయిపోయి, ఆ తర్వాత చిగుళ్ల నుంచి, మూత్రంలో, సూది గుచ్చిన చోట నెత్తురు ఆగకుండా వస్తుంది. మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. ఇటువంటి కాటును గుర్తించడానికి వైద్యులు 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. అప్పటికీ గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తున్నదని అర్థం.

కట్లపాము సంగతి వేరు, నన్ను ఎక్కువగా భయపెట్టేది కూడా అదే. మెదడు ఆజ్ఞను కండరానికి చేర్చే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం నరాల కొసల నుంచి విడుదలవుతుంది. నాగుపాము విషం ఆ రసాయనాన్ని కండరం అందుకోకుండా అడ్డుకుంటే, కట్లపాము విషం ఏకంగా నరపు కొసనే పాడుచేస్తుంది. కరిచిన చోట కండకు పెద్దగా హాని జరగదు కనుక వాపు, మంట దాదాపు ఉండవు. ముందు రెప్పలు, తర్వాత గొంతు, చివరికి ఊపిరి ఆడించే కండరాలు చచ్చుబడతాయి. తనకేమవుతున్నదో రోగికి తెలుస్తూనే ఉండవచ్చు, కానీ చెప్పలేడు. వాపు లేదు కదా అని మంత్రగాడి దగ్గర గడిపే గంటలు ఇక్కడే ప్రాణం తీస్తాయి.

ఇక మందు విషయం. మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలను కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాల నుంచి విరుగుడు తీస్తారు. అందువల్ల ఆ నాలుగింటిలో ఏది కరిచినా మందు ఒక్కటే. పామును చంపి ఆసుపత్రికి తేవలసిన అవసరం లేదు. అయితే విరుగుడు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదే తప్ప, అప్పటికే దెబ్బతిన్న నరపు కొసలను బాగుచేయలేదు. అవి మళ్లీ పెరిగేవరకు రోగిని రోజుల తరబడి శ్వాసయంత్రం మీద ఉంచవలసి రావచ్చు.

వానాకాలంలో నేల మీద నిద్రించినవారికి తెల్లవారుజామున కారణం తెలియని కడుపునొప్పితో రెప్పలు బరువెక్కితే, గాటు కనిపించకపోయినా, పాముకాటనే అనుకొని వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. కోయడం, గట్టిగా కట్టడం వద్దు. కరిచిన చోటు తెలిస్తే ఆ కాలో చెయ్యో కదలకుండా చూడాలి. విరుగుడుతో పాటు శ్వాసయంత్రం కూడా ఉన్న చోటికి, మీకైతే వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి, 108 అంబులెన్సులో తీసుకెళ్లడం మంచిది. దారిలో ఊపిరి ఇబ్బందిగా మారితే దగ్గరి ఆసుపత్రిలో ముందు దానికి సాయం అందించి, ఆ తర్వాతే ముందుకు కదలాలి.