ప్రభువు బల్ల (యేసును గుర్తు చేసుకుంటూ చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం) దగ్గర సంతోషంగా ఉండొచ్చా, ఏడుపు ముఖమే పెట్టాలా?

సంతోషంగానే ఉండొచ్చు, ఎందుకంటే అక్కడ గుర్తు చేసుకునేది యేసు మరణాన్నే అయినా, ఆయన లేచాడనీ మళ్లీ వస్తాడనీ నమ్మేవాళ్లే అక్కడ చేరతారు. యెరూషలేములో తొలి విశ్వాసులు ఇంటింటా రొట్టె విరిచి ఆనందంగా తిన్నారు. ఆ ఆనందం పంచుకోవడంలోంచే వస్తుంది: గుంటూరులో ఏదైనా లూథరన్ చర్చిలో చూడండి, మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషీ, ఆఫీసరు గారూ పక్కపక్కనే మోకరించి అదే రొట్టె, అదే ద్రాక్షారసం తీసుకుంటారు.

చాలామందికి ఉన్న టెన్షన్ వేరు, "నాలో పాపముంది, తీసుకుంటే శిక్షే" అనుకుని వెనక బెంచీలో ఉండిపోతారు, పాపం. ఆ భయానికి మూలమైన బైబిలు లేఖలో అపొస్తలుడు పౌలు కొరింథు పట్టణపు విశ్వాసుల్ని మందలించింది, ఈ బల్ల దగ్గరే ఉన్నవాళ్లు ముందే తిని తాగి మత్తెక్కితే లేనివాళ్లు ఆకలితో మిగిలారని. ఎవరిని వారు పరీక్షించుకోమన్నాడు నిజమే, ఆ వెంటనే తినమనీ చెప్పాడు.