అమెరికా పౌరసత్వం తీసుకున్న జపనీయులు పాత జపాన్ పాస్‌పోర్టు వాడుకోవచ్చా?

వాడకూడదు, సొంత ఇష్టంతో మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణానే జపాన్ పౌరసత్వం పోతుంది, కాబట్టి గడువు ఇంకా ఉన్నా ఆ పాస్‌పోర్టు చెల్లదు.

పాస్‌పోర్టు పౌరసత్వానికి రుజువే తప్ప, పౌరసత్వం దానివల్ల రాదు. జపాన్ జాతీయతా చట్టం 11వ నిబంధన ప్రకారం ఈ రద్దు దానంతటదే జరిగిపోతుంది, ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ కూడా ఇలాంటిదే కనుక, అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

భౌతిక శాస్త్రవేత్త యోయిచిరో నంబు టోక్యోలో పుట్టి, 1970లో అమెరికా పౌరుడయ్యారు. 2008లో నోబెల్ వచ్చినప్పుడు జపాన్ ఆయన్ని తమవాడిగానే చూసి సంబరపడింది. చట్టం లెక్కలో మాత్రం ఆయన అప్పటికే అమెరికన్.

చాలామంది పొరబడేది ఒకచోట: కాన్సులేట్‌కి చెప్పకుండా ఉంటే రెండు పౌరసత్వాలూ నిలుస్తాయని అనుకుంటారు. నిలవవు. చెప్పకపోతే ‘కొసెకి’ అనే కుటుంబ రిజిస్టరులో పేరు అలాగే ఉండిపోతుంది, అంతే. పౌరసత్వం పోయాక కూడా ఆ పాస్‌పోర్టు చూపించి ప్రయాణిస్తే శిక్ష పడవచ్చు. గ్రీన్ కార్డుకి దీనితో సంబంధం లేదు, అది నివాస హక్కు మాత్రమే. పుట్టుకతోనే రెండు పౌరసత్వాలున్న పిల్లలకు వేరే నియమం ఉంది: 20 ఏళ్లు నిండేలోపు ఏదో ఒకటి ఎంచుకోవాలి.